నెమ్మదిగా నమలండి

సోమయాజులు గారి తండ్రి తద్దినం నాడు, పొద్దున్న పది గంటల నలభై రెండు నిమిషాలకి, మడిచీరలో నిలబడి పరమాన్నం కలుపుతున్న వకుళ ముంజేతి మీద బ్యాండు నోరు విప్పింది.

"మీ భోజనం నమోదైంది. దయచేసి నెమ్మదిగా నమలండి."

ఆ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంటుంది. వంటింట్లో ఇంకెవరూ లేరు. కాని ఈసారి గడప అవతల అరిటాకులు తుడుస్తున్న సోమయాజులు గారి కోడలు శుభ్రంగా విన్నది. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

తద్దినం వంటంటే తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పోయినవాళ్ళ పేరు మీద పిలిచిన భోక్తలు ఆకుల ముందు కూర్చుని తినేదాకా ఆ వంటలో మెతుకు ఎవరి నోట్లోనూ పడకూడదు. వండే మనిషి ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి గరిటె నాలిక్కి తగిలించిందా, ఆ వంట ఎంగిలి. ఆ తద్దినం పెట్టీ పెట్టనట్టే. మరి ఉప్పెలా తెలుస్తుందంటే, ముక్కుతో. అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో ఆవిరి వాసన పట్టి కందకూరలో ఉప్పు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు సుభద్రమ్మ గారు. రెండో మనిషి ఆవిడ కూతురు, ఈ వకుళ.

"ఏవిటండీ వకుళ గారూ అది? భోజనం అంటోందేవిటి?" అంది కోడలు.

"షుగరు బ్యాండమ్మా. ఆపరేషన్ చేశాక కట్టారు. దానికి మతి లేదు."

మాట తడబడింది. అబద్ధమై తడబడలేదు. అప్పటికే కాళ్ళలో సత్తువ పోయింది, తడిచీరలో కూడా చెమటలు పోస్తున్నాయి. ఒంట్లో చక్కెర పడిపోతోంది. ఆ పొద్దుట్నుంచి ఇది మూడోసారి. అంతకుముందు రెండుసార్లు అరుగు మీదకి వెళ్ళి, సంచిలోంచి గ్లూకోజు పొడి నోట్లో పోసుకుని, మళ్ళీ నూతి దగ్గర తలారా నీళ్ళు కుమ్మరించుకుని వచ్చి పొయ్యి దగ్గర నిలబడింది. అదీ ఆ కోడలు చూసింది. చూసినదీ విన్నదీ కలిపి మామగారి చెవిన వేయడానికి ఎంతోసేపు పట్టలేదు.

సోమయాజులు గారు కేకలేసే మనిషి కాదు. వేసినా బాగుండేది.

"అమ్మా వకుళా, మీ అమ్మ చేతి వంట ముప్పై ఏళ్ళు మా పితరులకి పెట్టుకున్నాం. నేను నిన్నేమీ అనను. వెళ్ళిరా. పిండాలకి అన్నం నేనే వార్చుకుంటాను."

"నేను ముట్టలేదు బాబాయిగారూ. దేవుడి తోడు."

"అది ముట్టావంటోంది కదమ్మా" అని ఆయన బ్యాండు వైపు వేలు చూపించాడు.

గిన్నెడు పరమాన్నం పెరట్లో కుడితి తొట్టిలో బొళుక్కున పడింది. ఆ చప్పుడు వకుళ వీధి గుమ్మం దాటుతూ విన్నది. తను కలిపిన పరమాన్నం, జీడిపప్పు వేగిన వాసనకే పాకం చెప్పి దింపిన పరమాన్నం. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

*

తొమ్మిదో ఏట వచ్చింది వకుళకి ఈ జబ్బు. పెద్దవాళ్ళకి వచ్చే షుగరు వేరు, ఇది వేరు. ఇన్సులిన్ పుట్టించే కణాలని ఒళ్ళే శత్రువులనుకుని చంపేసుకుంటుంది. తిన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ఈ మాట చెప్పీ చెప్పీ ఆమె నోరు పడిపోయింది గాని విన్న పాపాన పోయినవాడు లేడు. "చిన్నప్పుడు మిఠాయిలు తెగ తినేసుంటుంది" అని మేనత్త. "నోరు కట్టుకోవాలమ్మా" అని పాలవాడు కూడాను. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు సూదుల సంగతి వినగానే ఉప్మా సగంలో వదిలి లేచారు.

రోజుకి ఐదు సూదులు. సూది కాస్త ఎక్కువైతే చక్కెర పడిపోతుంది, పడిపోతే ప్రాణం దక్కడానికి తియ్యటిది తినాలి, తింటే ఒళ్ళొస్తుంది, ఒళ్ళొస్తే సూది పెంచాలి. ఇలా ముప్పై ఏళ్ళు తిరిగేసరికి నూటనాలుగు కిలోలు. మోకాళ్ళు పొయ్యి దగ్గర నిలబడనివ్వడం మానేశాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా మొదటి మాట "బరువు తగ్గాలి", రెండో మాట "తిండి తగ్గించండి". మూడో మాట వినడానికి ఆమె ఆగేది కాదు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నంలో ఒక పరిశోధన ఆసుపత్రి డాక్టరు ప్రతాపచంద్ర "పొర" కనిపెట్టాడని తెలిసింది. కడుపుని కోసి అరటికాయంత సంచిగా కుట్టడం పాత పద్ధతే, బరువు తగ్గడానికి ఎప్పట్నుంచో చేస్తున్నారు. ఈయన చేసిన కొత్త పనేమిటంటే, రోగి ఒంటి కణాలే నాలుగు తీసి, వాటికి ఇన్సులిన్ చేసే విద్య నేర్పి, పల్చటి పొరగా పెంచి, ఆ సంచి లోపలిగోడకి అతికించడం. తిండి కడుపులో పడ్డాక మేలుకుంటే ఆలస్యమైపోతుందని ఆ పొరని మెదడు నుంచి వచ్చే నరానికి కలిపాడు. నాలిక్కి రుచి తగిలిందన్న కబురు అందగానే పొర ఇన్సులిన్ వదలడం మొదలుపెడుతుంది. వదిలినప్పుడల్లా చేతి బ్యాండు "భోజనం" అని రాసుకుంటుంది. ఒక్క కోతతో బరువూ పోతుంది, సూదులూ పోతాయి.

చేరేముందు ఎనభై ప్రశ్నల ఫారం ఇచ్చారు. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర వకుళ నవ్వుకుంది. "వండేటప్పుడు రుచి చూసే అలవాటు ఉందా?" అట. తద్దినాల సుభద్రమ్మ గారి కూతుర్నా ఈ మాట అడగడం! "ఎన్నడూ లేదు" అని రాసి, "ఎన్నడూ" కింద గీత కూడా గీసింది. ఆ గీత గీసినప్పుడు ఎంత మురిసిపోయిందో తల్చుకుంటే ఇప్పుడామెకి తన చెయ్యి తనే విరుచుకోవాలనిపిస్తుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు నెలలు మంచం మీద జావ తాగుతూ పడుకున్నన్నాళ్ళూ పొర బంగారంలా పనిచేసింది. సూది పొడవని పొద్దు ఎలా ఉంటుందో ముప్పై ఏళ్ళ తర్వాత చూసింది. పదహారు కిలోలు తగ్గింది. మూడో నెలలో మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి కథ అడ్డం తిరిగింది. వంటకి వెళ్ళిన ప్రతిరోజూ చక్కెర పడిపోవడం, గ్లూకోజు మింగడం, బ్యాండు కూయడం. తగ్గిన బరువులో నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. వంటకెళ్ళే ఇళ్ళన్నీ సందడిగా ఉండేవి కాబట్టి బ్యాండు మాట ఇన్నాళ్ళూ ఎవరి చెవినా పడలేదు. సోమయాజులు గారి ఇల్లు నిశ్శబ్దంగా ఉండే ఇల్లు.

*

ఇంటికొచ్చేసరికి ఆమె కంటే ముందే కబురు చేరిపోయింది. బ్యాండు అన్నదల్లా అన్నగారు నరహరి ఫోనుకి కూడా వస్తుంది. "రోగి తిండి మీద కుటుంబం కన్నేసి ఉంచాలి" అని ఆసుపత్రివాళ్ళే పెట్టిన ఏర్పాటు.

"పది నలభై రెండు" అని చదివాడు నరహరి, గుమ్మంలోనే. "అంతకుముందు తొమ్మిది ఇరవై. తొమ్మిదీ అయిదు. మొత్తం ఆరు. ఏం తిన్నావే అంత పొద్దున్నే?"

"నేనేం తినలేదన్నయ్యా."

"మిషనుకి నీ మీద పగా?"

సుభద్రమ్మ వెనకగదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. డెబ్భై ఏళ్ళు. ముక్కు కూడా మునుపటిలా పనిచెయ్యడంలేదు. ఆ సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

"తద్దినం వంట ఎంగిలి చేశావుటే?" అంది.

వకుళ ఆవిడ వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు కూడానా?"

"నీకు పన్నెండో ఏట పోపు వాసన నేర్పాను. ఆకలేస్తే చెప్పు, వంట మానేద్దాం అన్నాను. ఆకలికి తట్టుకోలేనిదానివి చెప్పొద్దూ? సోమయాజులు గారి తండ్రి నోటి ముందు కూడు తిన్నావు కదే! ఇంక ఎన్నిళ్ళల్లో తిన్నావో. ఆ ఇళ్ళవాళ్ళందరికీ నేనేం చెప్పుకోను?"

"తిని ఉంటే తిన్నానని చెప్పేదాన్ని. నీకు భయపడి కాదు, నీ మీద కోపంతోనైనా చెప్పేదాన్ని."

నిప్పు లేందే పొగ రాదు అంది సుభద్రమ్మ, లోపలికి వెళ్ళిపోతూ. ఆ సాయంత్రం నరహరి గ్లూకోజు డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. పడిపోయినప్పుడు అడిగితే చెంచాడు లెక్కన తనే ఇస్తానన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళ ఆడది అన్నగారి ముందు చెంచాడు గ్లూకోజుకి చెయ్యి చాచాలి.

*

గురువారం విశాఖపట్నం వెళ్ళింది. డాక్టరు ప్రతాపచంద్ర మనిషి మొహం చూసి మాట్లాడడు. గోడ మీద వెలిగే గ్రాఫులు చూసి మాట్లాడతాడు. పక్కన లేబరేటరీ అమ్మాయి జెసింత పలక మీద ఏదో రాసుకుంటోంది.

"మధ్యాహ్నం కాకముందే ఆరు భోజనాలు" అన్నాడు డాక్టరు. "మీకు నేను సంచి కుట్టానా, గోనె కుట్టానా?"

"నేను తినలేదండీ. తినకుండానే పడిపోతోంది."

"ఈ సర్జరీ అయ్యాక తీపి తిన్నవాళ్ళకే ఇలా పడిపోతుంది. తిన్నారు, పడిపోయారు, మళ్ళీ తిన్నారు. ఇందులో మిస్టరీ ఏముంది? నా ఇరవై ఏళ్ళ సర్వీసులో తిన్నాను అని చెప్పిన పేషెంటుని ఒక్కర్ని చూడలేదు. అందరూ గాలి పీల్చి లావెక్కినవాళ్ళే."

జెసింత తల దించుకుంది. వకుళ దించలేదు.

"ఫారంలో ఆ రుచి ప్రశ్న ఎందుకు పెట్టారండీ?"

"వంటవాళ్ళని ఏరెయ్యడానికి. పొద్దస్తమానం గరిటె నాకుతుంటే పొర ఊరికే ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది, డేంజరు. అందుకే అడిగాం. మీరేం రాశారు? ఎన్నడూ లేదని. పైగా అండర్‌లైను." నవ్వాడు. "అబద్ధానికి అండర్‌లైను నేనెక్కడా చూడలేదు."

వకుళ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. గీత ఎక్కుతూ దిగుతూ ఉంది. ఎక్కిన చోటల్లా టైము రాసుంది. కాసేపు చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా ఆమెకి ఆ గోడ మీద గీత పోయి సోమయాజులు గారి వంటిల్లు కనపడింది.

"ఎనిమిది ముప్పై అయిదుకి నువ్వులు వేయించాను" అంది. "తొమ్మిదీ అయిదుకి కందకి పోపు. తొమ్మిది ఇరవైకి మొదటి వాయి గారెలు. పది నలభై రెండుకి పరమాన్నంలో నెయ్యీ ఏలక్కాయ. మధ్యలో ఈ రెండూ గ్లూకోజు. ఇది నేను తిన్న వరస కాదండీ. వండిన వరస."

"అయితే?"

"వాసనకి కూడా మీ పొర పలుకుతుందా?"

ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. తిరిగింది విసుక్కోవడానికే. "పలుకుతుంది. ఆవగింజంత. అది మంచిదే. వాసన వచ్చిన పది నిమిషాలకి మనిషి తింటాడు కదా."

"మేం అయిదు గంటలు తినం. భోక్తలు లేచేదాకా మాకు అన్నం లేదు. పొయ్యి ముందు నిలబడి ప్రతి గిన్నె ఆవిరీ ముక్కారా పీల్చి ఉప్పూ పులుపూ చూస్తాం. మా విద్యే అది. మీ ఆవగింజ నా ముక్కు దగ్గర పుట్టెడవుతోంది."

"ఆకలేస్తూ, ఎదురుగా నెయ్యి కాగుతూ ఉంటే అయిదు గంటలు ముట్టకుండా నిలబడతారా?" ఆయన జెసింత వైపు చూసి నవ్వాడు. "ఇంత ఒళ్ళు పెట్టుకుని నాకు ఉపవాసాల కథలు చెప్పకండి అమ్మా. మీకంత అనుమానంగా ఉంటే ముక్కు నరం కాల్చేస్తాను. పది నిమిషాల పని. చేయించుకుంటారా?"

వకుళ చెయ్యి ముక్కు మీదకి వెళ్ళింది.

"చేయించుకోరు. ఎందుకంటే ముక్కు సాకు. చూడండి, ఒక నెల టైమిస్తున్నాను. రికార్డు ఇలాగే ఉంటే నియమం తప్పారని రాసి పేరు కొట్టేస్తాను. బ్యాండు తీసుకుంటాం. మా బాధ్యత ఉండదు."

"పొర?"

"అది మీ కడుపుగోడలో కలిసిపోయింది. తీయడం కుదరదు."

మెట్ల దగ్గర జెసింత వెనకాల పరిగెత్తుకొచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అక్కా, ఇరవై ఆరో నంబరని ఒకాయన ఉండేవాడు. కాకినాడ దగ్గర కాజాల కొట్లో మూకుడు దగ్గర పని. ఆయనా ఆ ప్రశ్నకి లేదనే రాశాడు. అడిగితే, 'ఇరవై ఏళ్ళయి వేయిస్తన్నానండి, ఆటిని చూత్తేనే ఎగటు, ఎవడు తింటాడండి' అన్నాడు. సార్ నమ్మలేదు. నియమం తప్పాడని పేరు కొట్టేసి బ్యాండు తీసేసుకున్నారు. మూడో వారంలో మూకుడు పక్కనే పడిపోయాడంట. పాకం తిని పోయాడనుకున్నారు అందరూ."

"పేరేవిటి?"

"సూరిబాబు." జెసింత కళ్ళు తుడుచుకుంది. "మీరు టైములు చదువుతుంటే నాకు ఆయన గ్రాఫు గుర్తొచ్చిందక్కా. అంతా ఒక్కలాగే ఉంది. వాయి తర్వాత వాయి."

బస్సులో నాలుగు గంటల దారి. వకుళ కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంది. ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. కాని మూకుడు పక్కన పడి ఉన్నవాణ్ణి చూసి జనం ఏమనుకుని ఉంటారో మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

*

ఇంట్లో చెప్పింది. నరహరి నవ్వలేదు గాని, "డాక్టరు ఒప్పుకున్నాడా?" అన్నాడు. ఒప్పుకోలేదంది. అయితే ఇంకేం అన్నాడు. సుభద్రమ్మ అసలు వినలేదు. వాసన పట్టడం తను నేర్పిన విద్య. ఆ విద్య వల్ల ప్రాణం మీదకి వచ్చిందంటే ఆవిడకి అది ఇంకో అబద్ధంలాగే వినపడింది.

తొమ్మిది రోజులకి వకుళ తండ్రి తద్దినం వచ్చింది. పదిహేనేళ్ళుగా ఆ వంట వకుళదే. ఈసారి ముందురోజే సుభద్రమ్మ చెప్పేసింది.

"రేపు నేను వండుకుంటాను. నువ్వు వంటింటి గడప తొక్కకు. ఏ మేనత్తవాళ్ళింటికో పోయి రా."

"పోను" అంది వకుళ. "మా నాన్న తద్దినం. అరుగు మీద కూర్చుంటాను. అరుగు కూడా మైలపడుతుందంటే చెప్పు."

సుభద్రమ్మ నువ్వులు చెరగడానికి చేట అందుకుంది.

పొద్దున్నే స్నానం చేసి వచ్చి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా తెరిచిన వీధి తలుపు, దాని వెనక హాలు, హాలు చివర వంటిల్లు. వాసన ఆ దారంట సూటిగా వస్తుంది. ఆ సంగతి తెలిసే అక్కడ కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టి, అందరికీ కనపడేలా కూర్చుంది. పడిపోతుందని తెలుసు. ఎంత పడిపోతుందో తెలియదు. సూరిబాబుకి కూడా తెలియలేదు. గ్లూకోజు బీరువాలో ఉంది, బీరువా తాళం నరహరి చొక్కా జేబులో ఉంది, చొక్కా పైగదిలో కొక్కేనికి ఉంది. కర్త కాబట్టి నరహరి పంచె కట్టుకుని హాల్లో దర్భలు సర్దుకుంటున్నాడు.

భోక్తలిద్దరూ వచ్చారు. అందులో ఒకరు సోమయాజులు గారు. ఆయన వీళ్ళ తండ్రికి స్నేహితుడు. ఏటా ఆయనే వస్తాడు. వకుళని చూసి చూడనట్టు కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. పురోహితుడు సంకల్పం మొదలుపెట్టాడు.

లోపల నువ్వులు చిటపటలాడాయి. ఆ కమ్మదనం హాలు దాటి అరుగు మీదకి వచ్చింది. వకుళ కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

"మీ భోజనం నమోదైంది. దయచేసి నెమ్మదిగా నమలండి."

పురోహితుడి నోట్లో మంత్రం ఆగింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ అరుగు వైపు చూశారు. వకుళ రెండు చేతులూ మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"కానివ్వండి" అంది. "నేను నములుతున్నాను."

నరహరి మొహం పక్కకి తిప్పుకున్నాడు. మంత్రం మళ్ళీ సాగింది. కందకి పోపు పడింది. బ్యాండు మళ్ళీ అదే మాట అంది. ఈసారి నరహరి దర్భ కింద పెట్టి వచ్చి ఆమె నోట్లోకి చూశాడు. నోరు తెరిచి చూపించింది. ఎండిన నాలుక తప్ప ఏమీ లేదు. బ్యాండు మీద చక్కెర అంకె అరవై రెండు. డెబ్భైకి తగ్గకూడదు.

"కందలో ఉప్పు తగ్గిందని అమ్మతో చెప్పు" అంది వకుళ.

గారెల వాయి పడింది. "మీ భోజనం నమోదైంది." యాభై మూడు. అరుగు, స్తంభం, ఎదురింటి గోడ అన్నీ మెల్లిగా ఊగడం మొదలుపెట్టాయి. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. కిందపెదవి తిమ్మిరెక్కింది. లేచి చెయ్యి చాస్తే నరహరి చెంచాడు ఇస్తాడు. అడగదలుచుకోలేదు. అడిగిందా, తీపి కోసం ఆడిన నాటకం అంటారు.

సోమయాజులు గారు పీట మీంచి లేచి గుమ్మందాకా వచ్చేశాడు. ఆయన చూపు బ్యాండు మీద, ఖాళీ చేతుల మీద, మళ్ళీ బ్యాండు మీద పడింది.

"నరహరీ, అమ్మాయి ఏమీ తినలేదురా" అన్నాడు. "నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ తినలేదు."

లోపల పరమాన్నంలో నెయ్యి పడింది. నాలుగోసారి బ్యాండు నెమ్మదిగా నమలమంది. నలభై నాలుగు. వకుళ స్తంభం మీంచి పక్కకి జారింది.

"తాళం! తాళం ఎక్కడ పెట్టాను?" నరహరి పంచె తొక్కుకుంటూ పైకి పరిగెత్తాడు. పైన కుర్చీలు పడిన చప్పుడు.

బ్యాండు మాట నాలుగుసార్లూ సుభద్రమ్మకి వంటింట్లోకి వినపడుతూనే ఉంది. మొదటిసారి పళ్ళు నూరుకుంది. రెండోసారి, కందలో ఉప్పు తగ్గిందన్న కబురొచ్చింది. ఆవిడ ముక్కుకి తెలియలేదు గాని, వేసిన ఉప్పు తల్చుకుంటే నిజమే, తగ్గింది. అరుగు మీద కూర్చుని, ఇంత దూరంనుంచి, కంద ముట్టకుండా ఉప్పు చెప్పింది పిల్ల. నాలుగోసారి మాట వినపడి, వెంటనే నరహరి అరుపు వినపడగానే, పరమాన్నం గిన్నె అలాగే రెండు చేతులా ఎత్తుకుని మడిచీరతో హాల్లోకి వచ్చేసింది.

"సుభద్రమ్మ గారూ, భోక్తలింకా ఔపోశన పట్టలేదు" అన్నాడు పురోహితుడు, కంగారుగా.

ఆవిడ వినిపించుకోలేదు. అరుగు మీద కూలబడి, కూతురి తల ఒళ్ళోకి లాక్కుని, గిన్నెలో చెయ్యి పెట్టి తీసింది. పితరులకని వండిన పరమాన్నం, ఇంకా ఆకులో పడని పరమాన్నం, వేలు కాలుతుంటే ఊదుకుంటూ కూతురి పెదాల మధ్య కొంచెం కొంచెంగా పెట్టింది.

"మింగవే. మింగు తల్లీ. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను."

వకుళ మింగింది. ఇంకో ముద్ద మింగింది. అరటికాయంత కడుపులోకి ఆ తీపి దిగి, కాసేపటికి ఎదురింటి గోడ ఊగడం మానింది. సుభద్రమ్మ గట్టిగా ఏడుస్తోంది. ఎంగిలి చెయ్యి చీరకి తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. నరహరి తాళంచెవి పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయాడు.

అందరూ బ్యాండు వైపే చూస్తున్నారు. అది ఏమీ అనలేదు. రెండు గంటలు వాసనలకే పలికి పలికి పొరలో ఇన్సులిన్ అయిపోయింది. నిజంగా తిన్నప్పుడు పలకడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"పొరపాటైపోయిందమ్మా" అన్నాడు సోమయాజులు గారు. "నరహరీ, ఉన్నదానితో ఆకు వెయ్యి. నేను కూర్చుంటాను. మీ నాన్నకి తెలుసు."

వకుళ లేచి కూర్చుంది.

"ఆ రోజు నా పరమాన్నం కుడితిలో పోశారు బాబాయిగారూ" అంది. అమ్మ వైపు చూసింది. అనవలసినవి చాలా ఉన్నాయి. అమ్మ వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. "చెయ్యి చన్నీళ్ళలో పెట్టుకో" అని మాత్రం అంది.

*

ఆ తర్వాతి గురువారం వకుళ తండ్రి తద్దినం నాటి రికార్డు డాక్టరు ప్రతాపచంద్ర బల్ల మీద పెట్టింది. సోమయాజులు గారు సంతకం చేసిన కాగితం కూడా పెట్టింది. పక్కన సుభద్రమ్మ, వేళ్ళకి కట్టుతో.

"ఇందులో నేను తిన్నది ఎక్కడుందో చూపించండి" అంది వకుళ.

ఆయన వెతికాడు. నాలుగు భోజనాలున్నాయి, ఆమె తినని నాలుగూ. ప్రాణం నిలబెట్టిన ముద్దలు మాత్రం ఎక్కడా లేవు. చాలాసేపు చూసి, అద్దాలు తీసి, మెల్లిగా ఉత్సాహం తెచ్చుకున్నాడు.

"ఇది చాలా పెద్ద విషయమమ్మా. పేపరు రాయాలి. ముక్కు నరం..."

"ముక్కు జోలికి రాకండి. మీరు పొరకి కలిపిన నరం ఉందే, అది కత్తిరించండి."

"కత్తిరిస్తే పొర మూగదైపోతుంది. మళ్ళీ సూదులు తప్పవు. బరువు కూడా..."

"సూదులు నాకు కొత్తా? నరం సంగతి తర్వాత. ముందు ఇరవై ఆరో నంబరు కాగితం తియ్యండి."

ఆయన జెసింత వైపు చూశాడు. జెసింత అప్పటికే తీసి పట్టుకుని ఉంది. పై పేజీలో ఎర్రసిరాతో "నియమోల్లంఘన" అని రాసుంది.

"ఆ మాట కొట్టెయ్యండి. తినలేదు అని రాయండి. పేరు పెట్టి రాయండి. ఆ కాగితం నకలు వాళ్ళింటికి నేను పట్టుకెళ్తాను."

డాక్టరు కలం తీశాడు. ఎర్రమాట మీద గీత గీశాడు. కాగితం మీద కలం ఆనించి, ఆగాడు.

"పేరు?" అన్నాడు.

మనిషి కడుపు కోసి, లోపల చెయ్యి పెట్టి కుట్టినవాడు అడిగిన మాట అది. జెసింత నోరు తెరవబోతే వకుళ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. వంగి ఆయన మొహం చూసింది. ఈసారి ఆయన గోడ వైపు తిరగలేకపోయాడు.

"సూరిబాబు" అంది. "నెమ్మదిగా రాయండి."